అక్కది నలభై ఎనిమిది, నాది పన్నెండు

విజయనగరంలో ఉండే మా అక్కా బావా ఒక వ్యాను కొని, అందులో పడక, వంటగట్టు, పైన ఏసీ పెట్టించారు. అరసవల్లి గుడికి వచ్చినప్పుడు దాన్ని చూడ్డానికి జనం మూగారు. అక్క మెట్టుమీద నిలబడి అందరికీ తలుపు తీసి చూపిస్తోంది. నేను చెప్పుల దగ్గర నిలబడి చూశాను.

అప్పటికి మేమూ ఒక పాత స్కూలు వ్యాను కొని, సీట్లు పీకించి, నరసన్నపేటలో మా ఇంటి పక్కన నిలిపాం. కరెంటు పని ఒక్కటే మిగిలింది. ఆ రాత్రంతా నాకు అక్క ఏసీయే కళ్ళముందు. పొద్దున్నే మా ఆయనతో అన్నాను.

"మావా, మనమూ నలభై ఎనిమిది వోల్టుల బ్యాటరీయే పెట్టాల."

"ఎందుకే?"

"అక్కావాళ్ళది అదే."

ఆయన నవ్వలేదు. "ఆళ్ళకి ఏసీ ఉన్నాది. అంత బరువు పన్నెండు వోల్టుల మీద లాగితే కరెంటు ఎక్కువ పారతాది, తీగలు బొటనేలంత లావుండాల. వోల్టులు నాలుగింతలైతే అదే పనికి కరెంటు పావు వంతు సాలు. మనకి ఏసీ ఏదీ?"

"రేపు పెట్టుకుంటాం."

ఆయన నన్ను వ్యానులోకి తీసుకెళ్ళి, మేం కొన్న సామాన్లు నేలమీద పేర్చాడు. ఫ్యాను, దీపాలు, నీళ్ళ మోటారు, చిన్న ఫ్రిజ్. "సదువు" అన్నాడు. అన్నిటి మీదా పన్నెండనే ఉంది. ఇంజను తిరిగేటప్పుడు వచ్చే కరెంటు కూడా పన్నెండు వోల్టుల బ్యాటరీకైతే సులువుగా ఎక్కుతుందట. నలభై ఎనిమిదికైతే ఇంజను వోల్టులు పెంచి ఎక్కించడానికొక మెషీను, ఈ సామాన్లకి పన్నెండుకి దింపడానికొక మెషీను కావాలట.

సరే అన్నాను కానీ మనసు ఒప్పుకోలేదు. అక్క ఫోన్ చేసి "ఎన్ని వోల్టులే?" అని అడిగితే "మాకు సరిపడినన్ని" అని పెట్టేశాను.

వేసవిలో రెండు వ్యానులూ కలిసి భావనపాడు వెళ్ళాయి. ఒడ్డున వలల దగ్గర చేపలు కొన్నాం. అక్క తన వ్యానులో కడుగుదామని కుళాయి తిప్పితే చుక్క రాలేదు. దీపాలూ వెలగలేదు. బావ పడక కిందకి దూరి చూశాడు. నలభై ఎనిమిదిని పన్నెండుకి దించే మెషీను కాలిపోయింది. బ్యాటరీ మాత్రం నిండుగా ఉంది. ఏసీ నేరుగా దానిమీదే నడుస్తుంది కాబట్టి పైన హోరుమంటూనే ఉంది.

అక్క చేపల గిన్నె పట్టుకొని ఎండలో మా వ్యాను దగ్గరికొచ్చింది.

"ఒసే సెల్లీ, మీ కుళాయి వస్తందేటి?"

"ఎందుకు రాదూ? ఎంత కావాలంటే అంత కడుక్కో."

ఆ మాట అంటున్నప్పుడు నా గొంతులోని సంతోషం నాకే వినబడింది. పక్కనే నిలబడి, ట్యాంకులో సగం నీళ్ళు పోయినా పట్టించుకోకుండా కడగనిచ్చాను.

పొయ్యి మీద కూర ఉడుకుతుండగా చూస్తే మా ఆయన లేడు. అక్క వ్యానులో కాళ్ళు బారచాపుకొని పడుకున్నాడు. "రావే, మంచు లాగున్నాది" అని కేకేశాడు. నా వీపంతా చెమట. మా ఫ్యాను వేడిగాలే తిప్పుతోంది.

కూర దించి పట్టుకెళ్ళాను. లోపల నిజంగానే చల్లగా ఉంది. తలుపు మూస్తే చీకటని అక్క కిటికీ తెర తీసి నాకు చోటిచ్చింది. "మీలాగ పన్నెండే పెట్టుకోవలసింది" అంది బావతో. నిజంగా అన్నదో, నా కూర తింటున్నందుకు అన్నదో తెలీదు. ఆ చల్లదనంలో కూర్చుంటే తిన్న ముద్ద కూడా రుచించలేదు నాకు.

తిరుగుదారిలో మా ఆయన అడిగాడు, "ఏటే, ఇంకా నలభై ఎనిమిది కావాలేటి?"

"వోల్టులొద్దు. ఏసీ కావాల."

"అదీ ఇదీ ఒకటేనే."

నేను కిటికీ అద్దం పూర్తిగా దించి, నరసన్నపేట దాకా ముఖం గాలికి పెట్టుకున్నాను. వారం తిరక్కుండా బావ కొత్త మెషీను వేయించాడు. అక్క కుళాయి తిప్పి నీళ్ళు వస్తున్నట్టు వీడియో పంపింది. బాగుందని రాశాను. మా వ్యానులో పన్నెండే ఉంది.