కొల్లేటి వెండి విమానం

ఏలూరులో కాపురం పెట్టిన కొత్తలో నాకు కాగితపు విమానాల పిచ్చి పట్టింది. పిల్లలు మడతపెట్టి ఎగరేసేవి కావు. అట్టముక్కలు కత్తిరించి చింతపిక్కల జిగురుతో అతికించిన, రెక్కలూ తోకా చక్రాలూ ఉన్న జానెడు విమానాలు. సర్వే ఆఫీసులో పటాలు గీసే గుమాస్తాను నేను. పాడైపోయిన పటాల కాగితం మహా దిట్టంగా ఉండేది. గట్లూ కాలవలూ గీసిన ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి ఆకాశంలోకి పంపేవాణ్ణి. పంపడమంటే వసారా దూలానికి దారంతో వేలాడదీయడం.

ఆ రోజుల్లోనే రీడింగు రూముకు వచ్చే ఇంగ్లీషు వారపత్రికల్లో గుడ్డ రెక్కల విమానాలు తగ్గి, ఒళ్ళంతా లోహపు రేకు తొడుక్కున్న విమానాల బొమ్మలు మొదలయ్యాయి. నలుపు తెలుపు అచ్చులో కూడా అవి తళతళలాడేవి. ఆ తళతళ నా కాగితానికి తేవాలని పట్టుదల.

మొదట సిగరెట్టు పెట్టెల్లోని తగరపు కాగితం అతికించాను. నేను సిగరెట్లు కాల్చను గనుక, ఆఫీసులో కాల్చేవాళ్ళ చుట్టూ ఖాళీ పెట్టె కోసం తిరిగాను. రెక్క వంపు దగ్గర అది ముడతలు పడి, విమానం పుట్టడమే ముసలిదై పుట్టింది. తేయాకు పెట్టెలోని సీసపు రేకు వేస్తే బరువుకు ముక్కు కిందికి వాలింది. అల్యూమినియం రంగు పూస్తే రైలు స్టేషనులో బల్లలా తయారైంది. మిఠాయి మీద అద్దే వెండి రేకు అద్దితే సగం నా వేలికే అంటుకుని, విమానం కంటే నా చూపుడు వేలే చూడముచ్చటగా ఉంది.

చివరికి తెలిసొచ్చింది: మెరుపు రంగులో లేదు, నునుపులో ఉంది. సుద్దా జిగురూ కలిపి పల్చగా పూసి, ఆరాక గవ్వతో రుద్ది, మళ్ళీ పూసి మళ్ళీ రుద్దితే కాగితం మీద గోరు జారిపోయేది. పెన్సిలు ముక్కు గీకిన పొడిని దూదితో అద్దితే లోహపు ఛాయ వచ్చేది. రేకుకూ రేకుకూ మధ్య తేడా తెలియాలని ఒక్కో గడిని ఒక్కో దిక్కుకు రుద్దేవాణ్ణి. మేకుల తలలు కనిపించాలని లోపలి వైపునుంచి సూదితో ఒత్తేవాణ్ణి. ఇంజను పక్కన కాస్త దీపపు మసి. అన్నీ కుదిరాయి గాని, అయ్యింది ఇనుప విమానం. చూస్తే ఎగిరేలా లేదు, తుప్పు పట్టేలా ఉంది.

అటువంటి రోజుల్లో ఆఫీసు పనిమీద మండవల్లి దాటి కొల్లేటి గట్టుకు వెళ్ళాను. పడవల్లోంచి దింపిన చేపల్ని ఆడవాళ్ళు గంపల్లోకి వేరుచేస్తున్నారు. వాళ్ళ చేతులు మణికట్టు దాకా వెండి పూత పూసినట్టున్నాయి. ఎండకు ఆరిన కొద్దీ ఆ పూత ఇంకా మెరుస్తోంది. నేను పని మరిచిపోయి చూస్తూ నిలబడ్డాను.

"ఏం కావాలండీ బాబుగారూ, పరిగెలా, బొచ్చెలా?" అని అడిగింది ఒకావిడ.

"చేపలొద్దమ్మా, పొలుసు చాలు" అన్నాను.

వాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పాపం, పొలుసుతోనే పులుసు పెట్టుకుంటారు గావాల" అని వెనకనుంచి ఎవరో అంటే గట్టంతా నవ్వింది. మా ఇంట్లో పులుసంటే గుమ్మడికాయ పులుసే. నీచు గడప తొక్కని ఇల్లు. ఆ సంగతి వాళ్ళకు చెప్పలేదు. పొలుసును తామరాకులో కట్టించుకుని, టిఫిను డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చిన సంగతి ఇంట్లోనూ చెప్పలేదు.

సీసాలో నీళ్ళు పోసి పొలుసు కుదిపితే వెండి పొడి విడిపోయి అడుక్కు దిగింది. నీళ్ళు మార్చి మార్చి కడిగాను. కర్పూరం వేశాను. పల్చటి జిగురులో కలిపి కుంచెతో పూశాను. ఆరాక చూస్తే ఇక కాగితం లేదు! తెల్లవారుజామున మబ్బు అంచు ఎలా ఉంటుందో అలా ఉంది రెక్క. వాసన చూశాను, ఏమీ లేదు. పైన వార్నిషు వేస్తే మెరుపు చస్తుందని వేయలేదు.

మా ఆవిడ చూసి నోటిమీద చెయ్యి వేసుకుంది. "ఏవండీ, ఇది దేంతో చేశారు?"

"కొల్లేటి వెండి" అన్నాను. అబద్ధం కాదని నన్ను నేను సముదాయించుకున్నాను.

"దసరాకు నా కొలువులో పెట్టుకుంటానండీ."

ఆ మాటకు కంగారుపడ్డాను. కారణం చెప్పాలి. మా ఆవిడది తాడేపల్లిగూడెం. పుట్టింట్లో ఏటా బొమ్మల కొలువు పెట్టేవారు. మా ఇంట ఆ ఆనవాయితీ లేదు. ఆనవాయితీ లేనిది మొదలుపెడితే ఏమవుతుందోనని మా అమ్మకు భయం. కోడలు నెలల తరబడి బతిమాలితే చివరికి ఒక మాట ఇచ్చింది: "ఈ ఏడు పెట్టి చూడు. తొమ్మిది రోజులూ ఏ అపశ్రుతీ లేకుండా సాగితే ఏటా పెట్టుకో. సాగకపోతే మళ్ళీ ఆ ఊసెత్తకు." అందుకే ఆవిడ పుట్టింటి మట్టి బొమ్మల్ని పొట్టులో పెట్టి ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెచ్చుకుంది. అటువంటి కొలువులోకి నా విమానం! వద్దనడానికి నోరు తెరిచాను. ఆవిడ దాన్ని పట్టుకున్న తీరు చూసి మూసేశాను.

కొలువుకు పేరంటాళ్ళు వచ్చారు. దేవుళ్ళు పై మెట్టు మీద, పెళ్ళి బృందం మధ్య మెట్టు మీద, విమానం కింది మెట్టున, అద్దం ముక్కతో చేసిన చెరువు మీద. అందరి కళ్ళూ చెరువు మీదే. "కొల్లేటి వెండండీ, మా వారు చేశారు" అని మా ఆవిడ చెబుతుంటే లోపలి గదిలో తెర వెనక నేను కూడా కాస్త ఎగిరాను.

నాలుగో నాటికి ముసురు పట్టింది. గోడలు చెమర్చాయి. ఆ సాయంత్రం మా ఆవిడ పక్కవీధి టీచరమ్మగారిని కూడా పిలిచింది. మిషను బడిలో చెప్పే ఆవిడ. మా ఆవిడకు అల్లికపని నేర్పింది, కష్టసుఖాలు వినేది. ఆవిడ బొట్టు పెట్టుకోదు కాబట్టి పువ్వూ శనగలూ ఇస్తే సరిపోతుందని, గుమ్మం పక్కన విడిగా చాప వేయాలని అత్తాకోడళ్ళకు ఒడంబడిక కుదిరింది. టీచరమ్మగారు గొడుగు వసారాలో ఆనించి, నవ్వుతూ ఆ చాప మీదే కూర్చుంది.

హారతికి ముందు ఒకావిడ ముక్కు ఎగబీల్చింది. "ఏమిటోనమ్మా, నీచు వాసన."

"నాకూ అలాగే అనిపిస్తోందొదినా. నిన్న లేదే!"

"నిన్న ఎందుకుంటుందిలే."

గుమ్మం పక్క చాపకు దగ్గరగా ఉన్న ఇద్దరు చీర కుచ్చెళ్ళు దగ్గరకు తీసుకుని జరిగి కూర్చున్నారు. మా అమ్మ కోడలివైపు చూసింది. టీచరమ్మగారు తనకిచ్చిన శనగలు అరచేతిలో అలాగే పట్టుకుని, తల వంచి చేతివేళ్ళను చూసుకుంటోంది.

వాసన చెమ్మతో పాటు నా విమానంలోంచి వస్తోందని తెర వెనక ఉన్న నాకు ముక్కుతో పని లేకుండానే తెలిసింది. చెబితే కొలువు మైలపడుతుంది, మా ఆవిడకు ఇక ఏ దసరా లేదు. చెప్పకపోతే వర్షం వెలిసేదాకా ఆ చాప మీద ఆవిడ అలాగే కూర్చోవాలి. మీనమేషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మీనం దగ్గరే ఆగిపోయాను.

"ఏమ్మా, మీరు పొద్దున్న ఏం వండుకున్నారు?" అని ముక్కు ఎగబీల్చిన ఆవిడే మర్యాదగా అడిగింది.

టీచరమ్మగారు లేవబోయింది. నేను తెర తోసుకుని పేరంటంలోకి వచ్చేశాను. మగవాణ్ణి చూసి ఆడవాళ్ళంతా కొంగులు సర్దుకున్నారు.

"ఆవిడది కాదండీ. విమానానిది. చేప పొలుసు పూశాను."

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పవలసి వచ్చింది.

"పొలుసా? దేవుళ్ళ కాళ్ళ దగ్గరా?" అంది అమ్మ.

"కడిగానమ్మా... కర్పూరం వేసి..."

"కర్పూరం వేశాడట!" అంది అమ్మ, కొలువు వైపు తిరిగి, దేవుళ్ళకే ఫిర్యాదు చేస్తున్నట్టు. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత నవ్వు ఆగింది. ఒక్కొక్కరే పని గుర్తొచ్చి లేచారు. హారతి పళ్ళెంలో వత్తి వెలిగించకుండానే ఉండిపోయింది. విమానం చేతికి తీసుకుంటే రెక్క మెత్తగా వంగింది. వాకిట్లో పెట్టాను. చినుకులకు వెండి కారిపోయి కింద కాలవ గట్ల గీతలు బయటపడ్డాయి. విమానం అవమానం కావడానికి ఒక గుడి పోయి ఒక అక్షరం చేరితే చాలునని అప్పటిదాకా తట్టలేదు.

టీచరమ్మగారిని గుమ్మం దాకా దిగబెట్టాను. "క్షమించండి" అన్నాను.

"చెప్పారు కదండీ, అదే పదివేలు." గొడుగు విప్పుకుంటూ ఆగింది. ఆవిడ గొంతులో కోపం లేదు. "తెర కింద మీ కాళ్ళు కనిపిస్తూనే ఉన్నాయండీ. ఎప్పుడొస్తారా అని వాటినే చూస్తూ కూర్చున్నాను."

ఆవిడ బురద చూసుకుంటూ వెళ్ళిపోయింది.

లోపలికి వచ్చేసరికి పై మెట్టు ఖాళీ అయింది. అమ్మ పసుపు నీళ్ళు చల్లుతోంది. మా ఆవిడ నేలమీద కూర్చుని బొమ్మల్ని ఒక్కొక్కటే పాత చీర ముక్కల్లో చుట్టి, పొట్టు పోసిన పెట్టెలో సర్దుతోంది. ఏడవడం లేదు. చుట్టే ముందు ప్రతి బొమ్మ మొహం మీద కొంగుతో దుమ్ము తుడుస్తోంది. సాయం చేద్దామని పక్కన కూర్చుని ఒక బొమ్మ కోసం చెయ్యి చాచాను.

"ముందు చేతులు కడుక్కు రండి" అంది.