తోకలున్న అక్షరాలు

చీమకుర్తి నల్లరాయి సముద్రాలు దాటి వెళ్ళి ఎవరెవరి సమాధుల మీదో నిలబడుతుంది. ఆ రాళ్ళ మీద పేర్లు చెక్కే యూనిట్లో నా పని. ఆయా దేశాల వాళ్ళు పంపిన పేర్ల కాగితాన్ని కంప్యూటర్లోకి దించి, స్టెన్సిల్ కోసి, రాతికి అంటిస్తాను. ఆపైన గాలి గొట్టంతో ఇసుక కొట్టి అక్షరాలు తొలిచేవాడు వేరే. ఒక్క అక్షరం తప్పినా రాయి పోయినట్టే. అందుకే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇసుక కొట్టేముందు ఒకడు కాగితం చూసి ఒక్కో అక్షరం పైకి చదవాలి, ఇంకొకడు రాతి మీద ఆ అక్షరం పైన వేలు పెట్టాలి.

లిథువేనియా నుంచి మొదటి ఆర్డరు వచ్చినప్పుడు అక్షరాల కింద కొక్కేలు, నెత్తిన చుక్కలు కనిపించాయి. స్కానింగులో పడ్డ మరకలనుకుని శుభ్రంగా తుడిచేశాను. నీటుగా చేశానని మురిసిపోయాను కూడా. ప్రింటూ, వాళ్ళ కాగితమూ ఇంటికి తెస్తే, రెండూ పక్కపక్కన పెట్టి చూసి మా అమ్మాయి పకపకా నవ్వింది. ఒంగోల్లో డిగ్రీ చదువుతుండేది.

"మరకలేంటి నాన్నా, తోక తీస్తే అది వేరే అక్షరం. నీ పేర్లో కొమ్ము పీకేస్తే ఊరుకుంటావా?"

రాయి ఇంకా కొట్టలేదు కాబట్టి బతికిపోయాను.

అక్కణ్ణుంచి దానికి ఆ భాష పిచ్చి పట్టుకుంది. ఫోన్లో చదివి అన్నాల దగ్గర చెప్పేది. వాళ్ళకీ మనలాగే విభక్తులున్నాయట. మనిషిని పిలిస్తే పేరు చివర మారుతుందట. నిప్పుని ఉగ్నిస్ అంటారట, కొడుకుని సూనుస్ అంటారట, సంస్కృతానికి దూరపు చుట్టమట. పెళ్ళికాని పిల్ల ఇంటిపేరు ఒకలా, పెళ్ళయినావిడది ఇంకోలా ముగుస్తుందట. ఆ భాషలో మొదట అచ్చయిన పుస్తకం, మా లూథరన్ చర్చిలో బట్టీ పట్టించే ప్రశ్నోత్తరాల లాంటిదేనంటే నేను నమ్మలేదు. "ముందు తినవే" అనేవాణ్ణి.

మా ఆవిడకి మాత్రం ఒక్క సంగతే పట్టింది. వాళ్ళ అక్షరాల్లో అచ్చు వెయ్యకూడదని రష్యా రాజు నలభై ఏళ్ళు ఆపేస్తే, జనం పుస్తకాలు బట్టల కింద దాచి సరిహద్దు దాటించారట. తల్లులు రాట్నం తిప్పుతూనే పక్కన బిడ్డని కూర్చోబెట్టుకుని చదువు చెప్పారట. మా ఆవిడ మిరపకోతలకి వెళ్ళే మనిషి, బడి మొహం ఎరగదు.

"తల్లులకే అంత చదువుందా?" అంది.

"మనింట్లో తిరగేద్దాంలే అమ్మా. నేను చెప్తా, నువ్వు నేర్చుకో."

కాయల తొడిమలు తీస్తూ తల్లి, పలకతో కూతురు. అ ఆలు దాటారు, గుణింతాలు దాటారు, ఒత్తులు మొదలెట్టబోయారు. అప్పుడొచ్చింది జ్వరం. ఒంగోలు తిప్పాం, గుంటూరు తిప్పాం. పిల్ల దక్కలేదు.

ఏడాది తిరిగినా సమాధి మీద రాయి లేదు. ఆవిడ వెయ్యనివ్వలేదు.

"రాయేస్తే అయిపోయినట్టే. నువ్వు దేశాలన్నిటికీ వేసుకో, నా బిడ్డకొద్దు."

నాకు ఒళ్ళు మండేది. పొద్దున లేస్తే ముక్కూమొహం తెలియని వాళ్ళకి పేర్లు చెక్కుతాను, నా కూతురు మట్టి కింద పేరు లేకుండా పడుందని అరిచేవాణ్ణి. అరిచి, నేనే ఏడ్చేవాణ్ణి.

ఆ మధ్య మళ్ళీ లిథువేనియా రాయి వచ్చింది. ఇంటిపేరు చివర చూడగానే పెళ్ళికాని పిల్ల అని తెలిసిపోయింది. ఆ పూట చేతులాడలేదు. ఇంటికొచ్చి ఆవిడకి చెప్పాను.

"ఆ పిల్లకి తల్లుందా?"

"ఉండే ఉంటుంది. రాయి ఆవిడే చేయిస్తుందేమో."

ఆవిడ తెల్లారి టీ ఇస్తూ అంది, "మన పిల్లకీ చెయ్యి. పేరొక్కటే. ప్రభువులో నిద్రించింది గిద్రించింది అని రాయమాక."

సమాధుల పండుగ ముందు, స్టెన్సిల్ అంటించిన రోజు, ఆవిడ యూనిట్‌కి వచ్చింది. నేను కాగితం తీసుకున్నాను. నా జోడీ, ఇసుక కొట్టే అతను, వేలు పెట్టడానికి వంగబోతే ఆవిడ అడ్డం వచ్చింది. "నేను పెడతా."

మొదటి అక్షరం చదివాను. తడుముకోకుండా పెట్టింది. రెండోదీ పెట్టింది. ఒత్తు దగ్గర ఆగి నా మొహం చూసింది. అది నేర్చుకోలేదు. "కిందుంటుంది" అన్నాను. మెల్లగా కిందికి జరిపి పెట్టింది. చివరి అక్షరం మీద వేలు అలాగే ఉంచేసింది.

"సరిపోయిందక్కా, ఇసుక కొట్టెయ్యనా?" అన్నాడు అతను.

"ఆగు నాయనా," అని నా వైపు తిరిగింది. "ఇంకోసారి పిలవయ్యా."

నేను కాగితం కింద పెట్టి మా అమ్మాయిని పిలిచాను.