సల్వాలో నేను నేర్పిన ఇంగ్లీషు

నలభై ఆరేళ్ల మనిషిని, నన్ను ‘బాయ్’ అని పిలిచిన రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎనభైల్లో కువైట్‌లో, సల్వాలో ఇళ్లు కట్టే ఒక కంపెనీ సైటు ఆఫీసులో నేను టీలు ఇచ్చేవాడిని. సూపర్‌వైజరు మా రాజోలు వైపువాడే, మా పెద్దాడి ఈడు. ఊళ్లో అయితే నన్ను ‘మీరు’ అనేవాడు. అక్కడ మాత్రం “బాయ్, చాయ్ తే, యల్లా, తొందరగా” అనేవాడు.

చెన్ అనే చైనా వడ్రంగి రోజుకో ఇంగ్లీషు మాట నోటుపుస్తకంలో రాసుకునేవాడు. డిక్షనరీలో ఉన్న అర్థం ఒక పక్క, జనం వాడే అర్థం ఇంకో పక్క. ఒకరోజు వచ్చీరాని ఇంగ్లీషులో నన్నడిగాడు.

“బాయ్ అంటే చిన్నపిల్లాడు కదా. నీకు జుట్టు నెరిసింది. నిన్నెందుకు అంటారు?”

సిగ్గేసి అబద్ధమాడాను. “గౌరవానికి అంటారు” అన్నాను.

వాళ్ల దేశంలో గౌరవంగా పిలవాలంటే పేరుకు ముందు ‘ముసలి’ అని చేరుస్తారట. ఇక్కడ పిల్లాడంటారు కాబోలనుకుని, తల ఊపి రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరుకి నవ్వుతూ “గుడ్ మార్నింగ్, బాయ్” అన్నాడు. సూపర్‌వైజరు అతని చేతిలో పుస్తకం లాక్కుని నేలకేసి కొట్టాడు.

“వీడికి ఈ మాట నేర్పిందెవడు?”

“నేనేనండి” అన్నాను. “అతను ఒక్కసారే అన్నాడండి. మీరు నన్ను రెండేళ్ల నుంచి అంటున్నారు.”

పుస్తకం దులిపి చెన్ చేతికిచ్చాను. ఆ రోజు సూపర్‌వైజరు చాయ్ తనే పెట్టుకున్నాడు.