ఉంగరం చప్పుడు

మిషన్ ఉండగా చేపలకు మేత చేత్తో ఎందుకు వేస్తున్నావవ్వా అని నిన్న ఫోన్లో అడిగావు కదా. మిషన్‌కేం, బాగానే ఉంది. అటక మీద డబ్బాలో ఉంది.

అది మీ తాతకు కంట్లో శుక్లం తీయించినప్పుడు కొన్నది. ఆపరేషన్ ఎమ్మిగనూరులో. పది రోజులు మీ అత్త ఇంట్లోనే ఉండాలన్నారు. ఇక్కడ ఆదోనిలో చేపలకు మేత ఎవరు వేస్తారని మీ తాత ఆస్పత్రికే రానన్నాడు. అప్పుడు అల్లుడు ఈ మిషన్ తెచ్చి తొట్టి అంచుకు బిగించాడు. పొద్దున ఎనిమిదింటికి గిర్రున తిరిగి చిటికెడు మేత రాలుస్తుంది.

"ఇంగ మేతేసే పనికి నీకు రజా మామా," అన్నాడు నవ్వుతూ.

తిరిగొచ్చిన పొద్దున మీ తాత కాళ్లయినా కడుక్కోకుండా పోయి తొట్టి అద్దం తట్టాడు. అంతకు ముందు ఆ చప్పుడుకే ఆరు ఎర్రచేపలూ పైకొచ్చి ఆయన వేళ్ల మధ్య మేత అందుకునేవి. ఆ రోజు ఒక్కటీ కదల్లేదు. ఎనిమిదైంది. మిషన్ గిర్రుమంది. ఆరూ దాని కిందికి ఉరికాయి.

మిషన్ పీకేశాడు. నాలుగు రోజులు తడుతూనే ఉన్నాడు. మేత వేసి పక్కకు జరిగితే తప్ప అవి పైకి రాలేదు. ఉగ్గాని పెడితే ఆయనా సరిగా తినలేదు.

"పది దినాలకే మరిసినాయే. ఇన్నేండ్లు సాకితిని."

"నల్లద్దాలు పెట్టుకుంటివి. దొంగనుకున్యాయేమో," అన్నాను. నవ్వలేదు.

ఐదో రోజు వంటింట్లో ఉంటే ఆ తట్టడం వినిపించింది. ఏదో తేడా. మునుపు టక్కుటక్కుమనేది, ఇప్పుడు మెత్తగా ఉంది.

"ఏమయ్యా, నీ ఉంగరం యాడ?"

ఆపరేషన్‌కు ముందు తీయించి మీ అత్త చేతికిచ్చారు. ఎమ్మిగనూరులో బీరువాలోనే ఉండిపోయింది. సాయంత్రం బస్సుకే మీ అత్త తెచ్చిచ్చింది. ఆ వెండి ఉంగరంతో రెండుసార్లు తట్టాడు. ముందు ఒకటి, దాని వెనకే ఐదూ పైకొచ్చాయి.

"సూస్తివా? మరవలేదే!"

నుదురు అద్దానికి ఆనించి వాటితో ఏదో గొణిగాడు. రోజూ గొణిగేవాడే. "ఏం సెప్తాండావు వాటికి?" అంటే, "నీకెందుకే, మా మాటలు మావి," అనేవాడు.

మీ తాత పోయాక ఆ ఉంగరానికి దారం చుట్టి నేను పెట్టుకుంటున్నాను. తడితే వస్తాయి. మేత అయిపోయినా పోవు. అద్దం దగ్గరే ఇంకాసేపు నన్ను చూస్తూ ఉంటాయి. నాకేమో ఏం చెప్పాలో తెలియదు.

రోజూ వాటికి ఏం సెప్తాంటివయ్యా?