బళ్లారి లైను మీద భారతి విమానం

మా గుంతకల్లు రైల్వే కాలనీ పిల్ల విమానం నడిపిందని తలచుకుంటే ఇప్పటికీ నా కాళ్ళు నేల మీద నిలవవు. నేను వాళ్ళ పక్క క్వార్టర్ దాన్ని. భారతి చేత అక్షరాలు దిద్దించింది నేనే కాబట్టి ఆ గొప్పలో నాకూ వాటా ఉందని దబాయిస్తుంటాను. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

వాళ్ళ నాయన ఈరప్ప గూడ్సు బండ్ల డ్రైవరు. ఎక్కువగా ఆదోని లైను మీద పోయేవాడు, అప్పుడప్పుడు బళ్లారి లైను మీద. బళ్లారి డ్యూటీ పడిందంటే వాళ్ళమ్మ రామాంజినమ్మకు పూనకమే. ఆ లైను మీద రాత్రింబవళ్ళు ఇనుప ఖనిజం బండ్లు తిరుగుతాయి. ఆ దుమ్ము చొక్కాకు పడితే ఎంత ఉతికినా వదలదు. బకెట్లో నీళ్ళు కుంకుమ కలిపినట్టు ఎర్రగా అయ్యేవి. ఆమె ఆ గనులను, ఆ రైళ్ళను, వాటిని కనిపెట్టినవాణ్ణి వరసబెట్టి తిట్టేది. మా ఇళ్ళ మధ్య ఉన్నది ఒక్క గోడే కాబట్టి ఆ తిట్లన్నీ నాకు కంఠతా వచ్చు.

కరువు మీద కరువు వచ్చిన ఆ ఏళ్ళలో, రెండు వేల నాలుగు ప్రాంతాన, మబ్బుల్లో మందు పొగ వదిలి వాన కురిపిస్తామని ఒక కంపెనీ చిన్న విమానాన్ని తెచ్చి బళ్లారి దగ్గర పెట్టింది. విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న మా భారతికి దాన్ని నడిపే ఉద్యోగం వచ్చింది. కాలనీ అంతా మిఠాయిలు పంచుకున్నాం.

ఈరప్ప మిఠాయి తింటూనే గొడవ మొదలుపెట్టాడు. రైల్వేలో డ్రైవరుకు కొత్త లైను ఇచ్చే ముందు 'రోడ్డు నేర్చుకోవడం' అని ఒకటుంది. తెలిసిన డ్రైవరు పక్కన నిలబడి ఆ దారిన పోయి రావాలి, ఎత్తూ పల్లం, వంపూ సిగ్నలూ తలకెక్కించుకోవాలి. రోడ్డు తెలిసిందని సంతకం పెడితేనే బండి చేతికిస్తారు. కూతురు రోడ్డు నేర్చుకోకుండానే ఆకాశానికి పోతోందని ఆయన బాధ.

"జీపీఎస్ అని ఒగ పెట్టె ఉండాది నాయనా. యాడున్నామో, యాడికి పోవల్లో అన్నీ తెర మీద చూపిస్తాది" అని భారతి నచ్చజెప్పింది.

"చూపిస్తాది సరే. అది మూగబోయిన పొద్దు ఎవుర్ని అడుగుతావు?" అన్నాడు ఈరప్ప.

కింద పట్టాలున్నాయి, వాటిని పట్టుకుంటే ఎక్కడినుంచైనా ఇల్లు చేరవచ్చని ఆయన వాదన. సెలవు దొరికినప్పుడల్లా కూతుర్ని ప్యాసింజరు బండి ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, పాఠాలు మొదలుపెట్టేవాడు. ఆమె బొరుగులు తింటూ తల ఊపేది.

ఆగస్టులో ఒక సాయంత్రం. బెళుగుప్ప వైపు శెనక్కాయ ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే అదను, నేల చూస్తే పెంకులా ఉంది. విమానంలో భారతి, పక్క సీట్లో మందు కాల్చే మీటలు నొక్కే తనకల్లు జయరాం. కొన్నాళ్ళుగా మొహం చాటేసిన మబ్బు ఆ రోజు కొండలా లేచి కనిపించింది. దాని అడుగుకు పోయి పొగ వదిలారు. కాసేపటికి అద్దం మీద టపటపమని చినుకులు. మా వాన, మా చేతి వాన అని జయరాం సీట్లోనే ఎగిరాడట.

ఆ సంబరం మధ్యలోనే విమానం ఒక్క కుదుపు కుదిపింది, జీపీఎస్ తెర నల్లబడిపోయింది. రేడియోలో గరగర తప్ప మాట లేదు. బళ్లారి వైపంతా వాన తెర దించేసింది. మెరుపులను తప్పించుకుంటూ అటూ ఇటూ తిరిగేసరికి ఎక్కడున్నారో తెలియలేదు. కంపాస్ దిక్కు చెబుతుంది గానీ ఊరు చెప్పదు. ఇంధనం ముల్లు దిగుతోంది. పొద్దు వాలుతోంది, వాళ్ళు దిగాల్సిన రన్‌వే మీద దీపాలు లేవు.

అప్పుడు కింద పట్టాలు కనిపించాయి. భారతికి ప్రాణం లేచి వచ్చింది. వాటి వెంట ఉత్తరానికి పోతే గుంతకల్లు యార్డు, అక్కడ అన్ని దిక్కులకూ చీలిన లైన్లు. బళ్లారి ఉన్నది పడమరనే కాబట్టి అటు పోతున్న ఒక లైను పట్టుకుంది. వంతెన, వంపు, అన్నీ నాయన చెప్పినట్టే వస్తున్నాయి. ఆనందం పట్టలేక పాట కూడా అందుకుందట పిచ్చిది. కంపాస్ ఉత్తరానికి జరిగినా, కుదుపులకు ఊగుతోందిలే అనుకుంది.

కిందికి మళ్ళీ చూసింది. తడిసిన కంకర నల్లగా ఉంది. ఆమెకు బకెట్టు గుర్తొచ్చింది. బళ్లారి లైనైతే కంకర ఎర్రగా ఉండాలి కదా! తాను పట్టుకున్నది పోను పోను ఉత్తరానికి ఒరిగే ఆదోని లైను. చిన్నప్పటి నుంచీ నాయన నోట విన్నదంతా ఆ లైనే, అందుకే అన్నీ తెలిసినట్టే తోచాయి.

చటుక్కున విమానాన్ని ఎడమకు తిప్పింది. జయరాం హడలిపోయి యాడికి పోతాండామని అడిగాడు.

"బళ్లారి లైను ఎర్రగుంటాది అన్నా. మాయమ్మ ఉతికే నీళ్ళు చూసినా నేను" అంది.

ఈ పిల్లకు మతి పోయిందని జయరాం ఇష్టదైవాలందరికీ మొక్కేశాడు. కింద పొలాలు పోతూనే ఉన్నాయి, పట్టాల జాడ లేదు. వెలుగు తగ్గిపోతోంది. అప్పుడు విడపనకల్లు నల్లరేగడి నడుమ, వానకు కడుక్కుని, ఎర్రటి గీత ఒకటి! భారతి దాన్ని వదల్లేదు. అది బళ్లారి దాకా తీసుకుపోయింది. చక్రాలు నేలను తాకాక కాసేపటికే రన్‌వే చీకట్లో కలిసిపోయింది.

మర్నాడు ఫ్యూజు మారిస్తే జీపీఎస్ మామూలుగా వెలిగింది. భారతి దాన్ని వాడటం మానలేదు, మానాల్సిన పనీ లేదు. సెలవుకు వచ్చి మా మెట్ల మీద కూర్చుని, చేతులు రెక్కల్లా చాపి ఇదంతా చెప్పింది. బళ్లారి డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన ఈరప్ప చొక్కా విప్పకుండానే నిలబడి విన్నాడు.

"నువ్వు నేర్పిన రోడ్డు పట్టుకుని తప్పినా నాయనా. అమ్మ తిట్టే దుమ్ము చూసి దిగినా" అంది భారతి.

 ఆ జీపీఎస్ పెట్టె ఒకసారి తనకూ చూపించమన్నాడు ఆయన. రామాంజినమ్మ మొగుడి ఒంటి మీది చొక్కా విప్పించుకుని లోపలికి పోయింది.

గోడ ఇవతల నేను చెవులు రిక్కించాను. బకెట్లో నీళ్ళు పడ్డాయి, చొక్కా మునిగింది, రాతి మీద దెబ్బ పడింది. తిట్టు మాత్రం ఒక్కటీ రాలేదు.