మాలకొండమ్మ నాలుగు సీసాలు

మైపాడుకు దక్షిణంగా ఉన్న మా పల్లెలో మాలకొండమ్మ అనే మనిషి నలభై మంది మొనగాళ్లను నాలుగు బిస్కెట్ల సీసాలతో ఇసుకలో కూల్చేసింది. నలభై అనేది తగ్గించి చెప్పిన మాట. నేను లెక్కపెట్టే లోపలే కొందరు పారిపోయారు. ఆమె ఎత్తు ఐదడుగులు కూడా ఉండదు. చేపలు అమ్ముకుంటుంది. ఆ రోజు రొయ్యల గుంట కట్ట మీద నాకన్నా బాగా చూసినవాడు లేడు, కాబట్టి చెప్పే హక్కు నాదే.

సీసాల విద్య ఆమెకు ఉప్పుకాలవలో అబ్బింది. ఎవాంజెలిన్ అని ఒక కాలేజీ మేడమ్ నెల్లూరు నుంచి వచ్చి ఆ కాలవ మీద మూడేళ్లు పరిశోధన చేసింది. ఆమె పడవకు గడ వేసింది మాలకొండమ్మే. మేడమ్ కాలవ నీళ్లతో సీసాలను నింపి, కొన్నింటిని మామూలుగా, కొన్నింటిని నల్లగుడ్డ చుట్టి నీళ్లలోకి దించేది. ఎండ తగిలితే నీళ్లలోని పచ్చదనం గాలి వదులుతుందనీ, చీకట్లో అదే పచ్చదనం గాలి పీల్చుకుంటుందనీ మాలకొండమ్మ అక్కడ కళ్లతో చూసి నేర్చుకుంది. అదే పాఠం నేను కావలిలో ఇంటర్ చదివేటప్పుడు విన్నాను. ఆ చదువును నేను వదల్లేదు, నా తెలివికి తట్టుకోలేక అదే నన్ను వదిలేసింది.

రొయ్యల గుంట అంటే మీరు నీళ్లనుకుంటారు. అదొక చావుల సంత. ఎండను పచ్చదనం మింగుతుంది, పచ్చదనాన్ని పురుగు మింగుతుంది, పురుగునూ మేతనూ రొయ్య మింగుతుంది, పెంకు విడిచి మెత్తబడిన రొయ్యను పక్క రొయ్య నమిలేస్తుంది. మింగినదాంట్లో ఒంటికి పట్టేది కొంచెమే. ఎక్కువ భాగం ఈదులాటలో వేడిగా పోతుంది, మిగతాది పెంటగా అడుక్కి దిగుతుంది. అడుగున కంటికి కనపడని జీవాలు ఆ పెంట మీద పడి తింటాయి. తింటూ తింటూ నీళ్లలోని గాలినంతా లాగేస్తాయి.

అలాంటి గుంట ఒకటి మా వాళ్లు పది మంది, లోపలి మాగాణి ఊరి రైతు నరేంద్రబాబు కలిసి వేశారు. మేత పని నరేంద్రబాబుది. కాపలా మాలకొండమ్మ తమ్ముడు ముత్యాలయ్యది. ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ లేదు. నరేంద్రబాబు మాత్రం రొయ్య త్వరగా బరువెక్కాలని మేత రెట్టింపు చేశాడు.

"అన్నా, నీళ్లల్లో దించిన తట్టలో మేత వేసినట్టే ఉండాది. తగ్గియ్యన్నా" అన్నాడు ముత్యాలయ్య.

"వరికి యూరియా చల్లితే పైరు వద్దంటదా? నువ్వా నాకు చెప్పేది!" అని నరేంద్రబాబు చెంప పగలగొట్టాడు.

ముత్యాలయ్య కట్ట దిగుతూ, "నీ గుంట సర్వనాశనమైపోను!" అని అరిచాడు. ఆ అరుపు సముద్రంలో వల వేస్తున్నవాళ్లకు కూడా వినపడింది. ఇది అబద్ధం కాదు.

మరుసటి రోజు తెల్లవారేసరికి రొయ్యలన్నీ నీటిపైకి వచ్చి మీసాలు ఎగరేస్తున్నాయి. సముద్రం మీద బతికినవాళ్లకు, చేపల గుంపు పైకి తేలిందంటే మేతకు వచ్చినట్టే. "ఆకలేసి వచ్చినాయి, పాపం!" అని మన మొనగాళ్లు ఇంకో రెండు బస్తాల మేత కుమ్మరించారు. పొద్దెక్కేసరికి గుంట తెల్లబడింది. చచ్చిన రొయ్యల మీద కాకులు, చావబోతున్న వాటి మీద ఎండ్రకాయలు. కట్టంతా తెగిన మీసాలు, చిట్లిన తలకాయలు.

"గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతానే ఉండాయి గదా, మరెట్ట చస్తాయి? వాడే మందు కలిపినాడు!" అన్నాడు గుంటలో వాటా ఉన్న పెంచల్.

అంతే. ముత్యాలయ్యను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి కరెంటు స్తంభానికి కట్టారు. కర్రలతో, కాళ్లతో కుమ్మారు. రెండు పళ్లు ఊడి అతని చొక్కా మీదే పడ్డాయి. ఎడమ కన్ను మూసుకుపోయింది. పల్లెకు తీర్పు చెప్పే మా పెద్దకాపు హజరత్తయ్య వచ్చి ఇసుకలో తెడ్డు పాతాడు. మా పల్లెలో తెడ్డు పాతితే, దాని నీడ కుదించుకుపోయి మొదట్లో కలిసేదాకా నిందపడ్డవాడి మీద చెయ్యి వేయకూడదు. ఆలోగా సాక్ష్యం రాకపోతే అదే తెడ్డుతో కుడిచెయ్యి విరిచేస్తారు. ఆ తరువాత వాడు వల లాగలేడు, పడవ ఎక్కలేడు.

మాలకొండమ్మ చేపల తట్ట దించి, టీ కొట్టుకు పోయి నాలుగు ఖాళీ బిస్కెట్ల సీసాలు తెచ్చింది.

"పెద్దయ్యా, మందు కలిపింటే ఈ నీళ్లల్లోనే ఉండాల గదా? ఈ నీళ్లే నాలుగిట్లో పడతా. పక్క గుంట రొయ్యపిల్లల్ని తెచ్చి రెండ్రెండు వేస్తా. రెండు సీసాలకు నల్లగుడ్డ చుడతా. మందుంటే నాలుగిట్లోనూ చావాల. అవునా, కాదా?"

"చావాల" అన్నాడు హజరత్తయ్య.

"నల్లగుడ్డలోయి మాత్రమే చస్తే?"

"అప్పుడు మందు కాదు."

"గుడ్డ వేడికి ఉడికి చస్తాయిలే, మాకు తెల్దా!" అన్నాడు పెంచల్.

"నాలుగూ ఒకే లోతులో నీళ్లల్లోనే కడతా గదరా. ఉడికేట్టుంటే నువ్వు దిగి చూడు, స్నానమన్నా అయితది."

సీసాలను నీళ్లలోనే ముంచి, బుడగ లేకుండా నింపి, మూత బిగించి, వెదురుబొంగుకు వేలాడదీసింది. ఆ పొద్దుటే ముసురు విడిచి ఎండ కాసింది. పదకొండు దాకా బాగానే ఉంది. అప్పుడొక మబ్బు వచ్చి సూర్యుణ్ణి మూసేసింది. ఎండ రాకపోతే గుడ్డలేని సీసాల్లోనూ గాలి అయిపోతుంది, తమ్ముడి చెయ్యి పోతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. పెదవి కొరుక్కుంటూ ఆకాశం వైపే చూస్తోంది.

"నీడ లేదు! గడువైపోయింది!" అని పెంచల్ కర్ర ఎత్తాడు. మొదటి దెబ్బ బొంగు మీద పడింది. గుడ్డలేని సీసా ఒకటి ఏరేటర్‌కు తగిలి బద్దలైంది. రెండో దెబ్బ ముత్యాలయ్య తలకు పోతుంటే ఆమె అడ్డం వచ్చింది. భుజం ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఆమె పడలేదు.

"నీడ పోతే గడువు ఆగతది గానీ, అయిపోదు. పెద్దయ్యా, చెప్పు!"

హజరత్తయ్య తెడ్డును రెండు చేతులా కావలించుకుని కూర్చున్నాడు. "నేను తెడ్డు పీకలా, గడువు అయిపోలా. ఎవుడన్నా వస్తే నా మీద నుంచి రండి."

మబ్బు పోయింది. నీడ మొదట్లోకి చేరింది. సీసాలు పైకి తీశారు. మిగిలిన గుడ్డలేని సీసాలో మూత కింద బుడగలు పట్టి ఉన్నాయి, రెండు రొయ్యపిల్లలూ గాజును తన్నుతున్నాయి. నల్లగుడ్డలు విప్పితే, నాలుగింటికి నాలుగూ తెల్లగా వెల్లకిలా పడి ఉన్నాయి.

ముత్యాలయ్య కట్లు విప్పారు. విప్పిన తాడుతోనే నరేంద్రబాబు మీద పడ్డారు. "మేత రెట్టింపు చేసింది నువ్వే గదరా!" అని ముక్కు మీద గుద్దితే నెత్తురు గడ్డం దాకా కారింది. పెంచల్ కర్ర మళ్లీ లేచింది. మాలకొండమ్మ విరిగిన భుజంతోనే ఆ కర్ర పట్టుకుంది.

"తెల్లారి ఇంకో రెండు బస్తాలు ఎవురేసినారు? ఆయప్ప ఒక్కడేనా? తినకుండా మిగిలిందంతా బురదయ్యి, ఏరేటర్లు కొట్టిన గాలినీ ఆ బురదే తాగేసె. ఇతనికి తెడ్డు పాతాలంటే మీ అందరికీ పాతాల. పాతండి, ఎవురు ముందు?"

ఒక్కొక్క కర్ర ఇసుకలో పడింది. కర్ర వెనకే మనిషీ కూర్చుండిపోయాడు. అదిగో, నలభై మంది కూలడం అంటే అది.

ఈ కథ రాసి, మైపాడు రేవులో చేప పొలుసు గీస్తున్న ఆమెకు చదివి వినిపించాను. తలెత్తకుండా విన్నది.

"నలభై కాదబ్బయ్యా, పదకొండు మంది. నేనెవుర్నీ కొట్టలా. నల్లగుడ్డలోయి నాలుగూ చావలా, ఒకటి ఇంకా మీసం ఆడిస్తానే ఉండింది. అది కూడా రాయి."