గుంపంటే రాళ్ళ కుప్ప కాదు

బూర్గంపాడు బడిలో సాంఘికశాస్త్రం చెప్పే మా తమ్ముడి కోడలు మొన్న ఆదివారం ఫోన్‌లో మ్యూజియం వెబ్‌సైట్ తెరిచి నా చేతిలో పెట్టి, మామయ్యా, ఈ కుండ మన అడవి వైపుదేనంటారా, పిల్లలకు చూపిద్దామంటే ఎక్కడ దొరికిందో రాయలేదు అని అడిగింది. కళ్ళజోడు సర్దుకుని చూశాను. అంచు మీద పెచ్చు ఊడిన ఆ నల్ల కుండను నేను గుర్తుపట్టకపోవడమేమిటి, నా ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చినదాన్ని! బొమ్మ కింద దొరికిన చోటు తెలియదనీ, వివరం దగ్గర రాళ్ళ గుంపు అనీ ఉంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తనేమన్నా తప్పు అడిగిందేమోనని పాపం ఆ పిల్ల బెదిరిపోయింది.

మన ఈడు వాళ్ళకైతే చెబితే అర్థమవుతుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను జిల్లాలోని ఒక చిన్న మ్యూజియంలో, తవ్వకాల్లో దొరికిన వస్తువుల బొమ్మలు గీసే పనిలో ఉండేవాణ్ణి. చండ్రుగొండ దాటి అడవిలోకి పోతే గుంపులని ఉంటాయి, అంటే పదీ ఇరవై ఇళ్ళున్న కోయపల్లెలు. అక్కడ పుట్టినవాళ్ళకు గుంపంటే ఊరే. అలాంటి రాళ్ళగుంపులో బావి తవ్వుతుంటే పెద్ద రాతిపలకల కింద ఈ కుండ బయటపడిందని కబురొస్తే మా పెద్దసారూ నేనూ వెళ్ళాం. ఊరి పెద్దాయన ముందు ఒప్పుకోలేదు. అది తమ పెద్దల సొమ్మన్నాడు, కదిలిస్తే వాళ్ళకు కోపమొస్తుందన్నాడు. పందిరి కింద కూర్చోబెట్టి, జావ పోసి, చివరికి ఇప్పసారా నేలమీద చిలకరించి పెద్దలకు చెప్పుకుని, ఒక్క మాట మీద ఇచ్చాడు. "తీస్కపోండ్రి సారూ, మా గుంపు పేరు మాత్రం దాని మీదికెల్లి పోవద్దు." పెద్దసారు అక్కడికక్కడే అట్టముక్క మీద రాళ్ళగుంపు అని రాసి, కుండ మెడకు నూలుదారంతో కట్టించి చూపించాడు. ఊరి పెద్దాయనకు చదువు రాదు, అయినా ఆ అక్షరాలను వేలితో తడిమి చూసుకున్నాడు.

పెద్దసారు రిటైరయ్యాక కంప్యూటర్లు వచ్చాయి. కంప్యూటర్ మీద నాకు కోపం లేదు, చెదలు తినే కాగితాల సంగతి మాకంటే ఎవరికి తెలుసు. నా కోపమంతా దాన్ని తెచ్చిన మనుషుల తొందర మీద. కాంట్రాక్టు తీసుకున్నవాళ్ళు పట్నం నుంచి దిగి, ఫోటోకు అడ్డొస్తున్నాయని చీటీలన్నీ కత్తిరించేసి, కుండల అడుగున బార్‌కోడ్ గీతల స్టిక్కర్లు అంటించారు. ఊరి పేరు కంప్యూటర్‌లోని జాబితా నుంచే ఏరుకోవాలట, ఆ జాబితాలో రెవెన్యూ గ్రామాలే తప్ప గుంపులు లేవు. రాళ్ళగుంపంటే రాళ్ళ కుప్పేగా అనుకుని ఆ మహానుభావులు దాన్ని వివరం గడిలో పడేసి, చోటు దగ్గర తెలియదని టైపు కొట్టేశారు. అది ఊరు మొర్రో అని నేను మొత్తుకుంటే, లిస్టులో లేని ఊరుంటుందా అని నవ్వారు. కొత్తగా వచ్చిన ఆఫీసరైతే పని జల్దీ కానీయమని నన్నే కసిరాడు. కత్తిరించిన చీటీలను పెరట్లో ఎండుటాకులతో పాటు తగలబెట్టారు, నేను వెళ్ళేసరికి బూడిద మిగిలింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ ఎండాకాలమే రాళ్ళగుంపు పెద్దాయన మ్యూజియానికి వచ్చాడు. భార్యను దవాఖానాకు తీసుకొచ్చి, పనిలో పనిగా ఆమెకు కుండను చూపిద్దామనుకున్నాడు. ఇద్దరూ చెప్పులు విప్పి దానికి దండం పెట్టుకున్నారు. తర్వాత ఆయన కుండ మెడ చుట్టూ వెతికి, "మా పేరేడుందో జర చదివి మా ఆమెకు ఇనిపియ్యి సారూ" అన్నాడు. ఆ గీతల్లో నేనేం చదవను? జరిగిందంతా చెప్పాను. అరుస్తాడనుకున్నాను, అరిచినా బాగుండేది. "అయితే మాది ఊరే కాదన్నట్టు, గంతేనా?" అని, భార్య చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. నేను తిన్నగా ఆఫీసరు గదిలోకి పోయి నోటికొచ్చినట్టు తిట్టాను. మెమో ఇచ్చారు. అందుకు నాకిప్పటికీ విచారం లేదు.

ఇదంతా విని కోడలు ఊరుకోలేదు, తప్పు దిద్దమని ఆ వెబ్‌సైట్‌కు రాసింది. నిన్న జవాబొచ్చింది. ఆధారం కావాలట, కుండకు కట్టిన అసలు చీటీ ఫోటో పంపాలట! తగలబెట్టినవాళ్ళే చీటీ అడిగితే ఇక నేనెవరితో పోట్లాడను?

మేము ముళ్ళు తప్పించుకుంటూ నడిచిన బాటకు ఇప్పుడు తారు పడింది. రాళ్ళగుంపుకు బస్సు పోతుంది, కండక్టర్ చేతిలోని మిషన్ ఆ పేరును టికెట్ల మీద అచ్చుకొట్టి ఇస్తుంది, దిగినవాళ్ళు నలిపి రోడ్డు పక్కన పారేస్తారు. అంత తేలిగ్గా దొరికే పేరు ఒక్క కుండకు దొరకలేదు. అది పోవద్దని అడిగిన పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది.